గుద్దేసి పారిపోయారా? పరిహారం ఇలా అడగండి

రోడ్డు మీద ఎవడో గుద్దేసి ఆగకుండా పోతే, నంబరు కూడా ఎవరూ చూడకపోతే, చుట్టుపక్కలవాళ్లు ముందుగా అనే మాట "నంబరు లేకుండా కేసేంటి, వదిలేయ్" అని. ఆ మాట వినకండి. బండి దొరికినా దారి ఉంది, దొరక్కపోయినా దారి ఉంది, కాకపోతే ఆ రెండు దారుల్లో వచ్చే డబ్బుకి మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. డ్రైవరు పారిపోతే చాలు, మనం దాన్ని హిట్ అండ్ రన్ అనేస్తాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 161 అలా అనదు. చేయాల్సిన ప్రయత్నమంతా చేసినా అది ఏ బండో తేలకపోతేనే హిట్ అండ్ రన్. డ్రైవరు పరారైనా బండి నంబరు తెలిసిందంటే అది మామూలు యాక్సిడెంట్ కేసే, మీరు మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేసి ఆ బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి ఆస్పత్రి ఖర్చు, పోయిన సంపాదన, ముందు ముందు చేయించుకోవాల్సిన వైద్యం, వైకల్యం అన్నీ లెక్కగట్టి అడగొచ్చు. ఇంతకు మించి ఇవ్వకూడదన్న పరిమితి అక్కడ లేదు. బండి తేలకపోతే మిగిలేది ప్రభుత్వ పథకం: మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. కాలు విరిగి నెలల తరబడి మంచాన పడ్డ మనిషికి 50 వేలు ఏ మూలకి? (2022 ఏప్రిల్ 1కి ముందు ఇది 25 వేలు, 12,500 మాత్రమే.) అందుకే మొదటి వారం మీ శక్తంతా బండిని పట్టుకోవడం మీదే పెట్టండి, పథకం ఎక్కడికీ పోదు.

అన్నిటికన్నా ముందు ఆస్పత్రి. దెబ్బ చిన్నదిగా అనిపించినా వెళ్లండి, "ఏదో బండి గుద్దింది" అని డాక్టరుకి స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా (అంటే ఆస్పత్రి పోలీసులకి తెలియజేసే కేసుగా) రాయించుకోండి. చాలామంది పోలీసుల గొడవెందుకులే అని "బాత్రూంలో జారిపడ్డాను" అని చెప్పేస్తారు, ఆ ఒక్క ముక్క కేస్ షీట్‌లోకి ఎక్కిందా, తర్వాత ఎంత మొత్తుకున్నా ఇన్సూరెన్స్ లాయరు దాన్నే పట్టుకుని ఊపుతాడు. ముందు డబ్బు కట్టండి, పోలీసులు రానివ్వండి అని ఎమర్జెన్సీ వైద్యం ఆపే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు, సుప్రీంకోర్టు ఈ మాట 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి నగదు రహిత వైద్యం పథకం కూడా ఉంది: యాక్సిడెంట్ అయిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక్కో మనిషికి 1.5 లక్షల వరకు, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో. గుద్దిన బండి తెలియకపోయినా ఇది వర్తిస్తుంది. 112కి ఫోన్ చేసినప్పుడే ఈ పథకంలో ఉన్న ఆస్పత్రి దగ్గర్లో ఏదుందో అడగండి.

ఇక పోలీస్ స్టేషన్. మీరు కదల్లేకపోతే ఇంట్లోవాళ్లో స్నేహితులో ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అది మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్) రాయమనండి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173లోనే ఆ వీలుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అసలు తీసుకోనే తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆస్పత్రి హడావిడిలో నాలుగు రోజులు ఆలస్యమైనా కంగారు పడకండి, ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో బాధితుడి క్లెయిమ్‌ని అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే రాస్తే సరి. ఫిర్యాదులో తెలిసిందే రాయండి, ఊహించి రాయకండి. తెల్ల కారు అని మాత్రమే గుర్తుంటే అంతే రాయండి. ఎవరో చెప్పారని ఒక కంపెనీ పేరు రాసి, రేపు దొరికిన బండి ఇంకోటైతే మీ మాట మీద మీరే దెబ్బ కొట్టుకున్నట్టు.

బండిని పట్టుకోవడంలో అసలు శత్రువు కాలం. షాపుల దగ్గర, ఇళ్ల ముందు ఉండే సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతూనే ఉంటుంది, కొన్ని చోట్ల వారం కూడా ఉండదు. మా బంధువుల్లో ఒకాయన విషయంలో జరిగింది ఇదే: పోలీసులు చూసుకుంటారులే అని పన్నెండు రోజులు ఊరుకున్నాం, తీరా వెళ్లి అడిగితే పెట్రోల్ బంకు అతను "నిన్నో మొన్నో వచ్చినా ఉండేదండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకని ఎవరినైనా ఒకరిని ఆ రోడ్డు మీదికి పంపి రెండు వైపులా కెమెరాలున్న చోట్ల లిస్టు రాయించండి, ఓనర్లు ఫుటేజీ ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే ఆ లిస్టు, యాక్సిడెంట్ టైముతో సహా, దర్యాప్తు అధికారికి రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. టోల్ గేటు ఉంటే అది కూడా రాయండి.

కెమెరాయే కాదు. రోడ్డు మీద పడిన హెడ్‌లైట్ ముక్క, అద్దం ముక్క, బంపర్ పెచ్చు, మీ బండికి అంటుకున్న రంగు, ఇవన్నీ సాక్ష్యాలే. ముక్క మీద పార్టు నంబరుంటే ఏ మోడలో తెలిసిపోతుంది. మీరు ఏరి సంచిలో వేసుకోకండి, ఉన్నచోటే ఫొటో తీసి పోలీసులకి చూపించండి. మీ బండిని కూడా పోలీసులు చూసేదాకా రిపేరుకి ఇవ్వొద్దు. నంబరులో చివరి రెండు అంకెలే గుర్తున్నా చెప్పండి, మోడలూ రంగూ తోడైతే రవాణా శాఖ రికార్డుల్లో వెతకడం తేలికవుతుంది. చూసినవాళ్లు సాక్ష్యానికి భయపడతారు కాబట్టి వాళ్లకి ఒక మాట చెప్పండి: సాయం చేసినవాళ్లని సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఏ కింద తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అది విన్నాక మనసు కుదుటపడి వాళ్లంతట వాళ్లే ఫోన్ నంబరు ఇచ్చేవాళ్లు ఎక్కువ.

బండి దొరికిందా, అదృష్టం. ట్రిబ్యునల్ క్లెయిమ్ యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉంటున్న ఊరి పరిధిలో కూడా వేయొచ్చు. చట్టంలో గడువు 6 నెలలు. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు గానీ ఆ ధీమాతో కూర్చోకండి. ప్రతి బిల్లూ, ప్రతి ఎక్స్‌రే, ఆటో ఖర్చులతో సహా దాచండి. జీతం కట్ అయిన కాగితం, సొంత పనైతే ఆదాయం చూపించే ఏ ఆధారమైనా కావాలి. వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెచ్చుకోండి, అయితే పర్సెంటేజీ ఒక్కటే చూసి ఆగిపోవద్దు. కుడిచేయి మడత పడకపోతే లెక్కలు చెప్పే మాస్టారికి జరిగే నష్టం వేరు, తాపీ మేస్త్రీకి జరిగే నష్టం వేరు, ఆ తేడాని ట్రిబ్యునల్ చూడాల్సిందే.

బండి దొరకలేదు. అప్పుడు పథకం. 2022 నాటి ఈ పథకంలో మీరు వెళ్లాల్సింది కోర్టుకి కాదు, రెవెన్యూ ఆఫీసుకి: యాక్సిడెంట్ జరిగిన ప్రాంతపు ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయి అధికారి క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసర్‌గా ఉంటారు. ఫారం 1లో దరఖాస్తు, ఫారం 4లో హామీ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ కాపీ, గుర్తింపు, చిరునామా కాగితాలు, ఎఫ్ఐఆర్, గాయాల రిపోర్టు (మరణమైతే పోస్ట్‌మార్టం రిపోర్టు), క్యాష్‌లెస్ వైద్యం జరిగి ఉంటే ఆ బిల్లు. ఆయన నెలలోపు విచారించి కలెక్టరుకి పంపాలి, కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి, ఆ తర్వాత ఇంకో 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడాలి. కాగితం మీద రెండు నెలలు. ఆచరణలో కొన్ని ఆఫీసుల్లో ఈ పథకం పేరే విననివాళ్లు ఎదురవుతారు, కాబట్టి గెజిట్ ప్రింటు ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్లండి, దరఖాస్తు కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా మీకు పనికొస్తాయి. నెలలోపు బండి తేలకపోతే ఈ పథకం ఉందని బాధితులకి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పలేదా, మీరే వెళ్లి ఆ లెటరు అడగండి. ఎక్కడైనా పని కదలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి లాయరు ఉచితం.

ఈ పథకంలో పెద్ద మెలిక "తీవ్ర గాయం" అన్న మాట. వూండ్ సర్టిఫికెట్‌లో (డాక్టరు ఇచ్చే గాయాల రిపోర్టులో) సాధారణ గాయం అని ఉంటే రూపాయి రాదు. ఎముక విరగడం, కీలు తప్పడం, పన్ను విరగడం కూడా చట్టం లెక్కలో తీవ్ర గాయాలే. 15 రోజుల పాటు విపరీతమైన నొప్పి ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదే లెక్క. మొదటి రోజు కనిపించని ఫ్రాక్చర్ తర్వాత స్కానింగులో బయటపడితే ఆ రిపోర్టు దర్యాప్తు అధికారికి ఇచ్చి రికార్డులో చేర్పించండి. ఇంకో సంగతి, పథకం డబ్బు తీసుకున్నాక బండి దొరికి ట్రిబ్యునల్‌లో పరిహారం వస్తే, ముందు తీసుకున్నది అందులోంచి వెనక్కి పోతుంది. ఫారం 4 మీద పెట్టే సంతకం అందుకే. రెండోసారి అడగకూడదని మాత్రం దాని అర్థం కాదు.

ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చే ఏజెంట్లుంటారు, "నంబరు దొరకలేదా, ఇన్సూరెన్స్ ఉన్న మనవాళ్ల బండి ఒకటి పెట్టేద్దాం" అంటారు. ఛస్తే ఒప్పుకోకండి. బండి మీద దెబ్బలు, ఆ టైముకి అది ఎక్కడుందో, అన్నీ ఇన్సూరెన్స్‌వాళ్లు తవ్వుతారు, దొరికితే బాధితుడు కాస్తా ముద్దాయి అవుతాడు. ఖాళీ కాగితాల మీద, వకాలత్ మీద చదవకుండా సంతకాలు వద్దు.

చివరగా మీ సొంత పాలసీలు కూడా చూసుకోండి, వీటికి గుద్దిన బండితో పనే లేదు. బండి ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా ఉందేమో చూడండి, అది మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మే నెలాఖరునో జూన్ మొదట్లోనో 20 రూపాయలు కట్ అయ్యిందేమో వెతకండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టి మర్చిపోయినవాళ్లు బోలెడు మంది. శాశ్వతంగా పాక్షిక వైకల్యం మిగిలితే లక్ష, పూర్తి వైకల్యానికి గానీ మరణానికి గానీ 2 లక్షలు దాంట్లో వస్తాయి.