ఒత్తు దగ్గర తడబడే పిల్లల చేత చదివించండిలా

అమలాపురం దగ్గర పల్లెలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతాను. చదవడానికి జంకే పిల్లల తల్లులకు నేను చెప్పే పద్ధతి ఇది.

చదివేటప్పుడు కన్ను నిలకడగా సాగదు, గెంతుతుంది. గెంతుకూ గెంతుకూ మధ్య సుమారు పావు సెకను ఆగుతుంది. అక్షరాలు అందేది అప్పుడే. మెదడులో ఎడమవైపు, వెనక అడుగుభాగాన అచ్చుమాటలను పోల్చుకునే చోటు ఒకటుంది. పుట్టుకతో దానికి ఆ పని రాదు, చదవగా చదవగా అలవడుతుంది. అందుకే మాటను బొమ్మలా బట్టీ పట్టించవద్దు.

పలక మీద 'కొబ్బరి' అని పెద్దగా రాయండి. 'కొ' కింద వేలు పెట్టి పలికించండి. అసలు చిక్కు 'బ్బ' దగ్గర. పిల్లల చూపు పై అక్షరం మీదే నిలుస్తుంది, కింది ఒత్తు జారిపోతుంది. వేలు అక్కడే ఆపి, ఒత్తును దిద్దించి, నొక్కి పలికించండి. తర్వాత 'రి'. ఆపైన మూడూ కలిపి ఒక్క గుక్కలో. పక్కనే 'కొబరి' అని రాసి తేడా పట్టుకోమనండి, ఎంత సంబరంగా పడతారో!

మర్నాడు అదే మాటను కొట్టు బోర్డు మీద, పత్రికలో వెతికించండి. అచ్చు మారినా మాట అదేనని మెదడుకు తెలియాలి. రావులపాలెం బస్సు బోర్డు కూడా మంచి పాఠమే. "ఊహించి చెప్పు" అని మాత్రం అనకండి, చూసి చదవమనండి.

నెలలు గడిచినా తడబాటు తగ్గకపోతే తిట్టకండి. ముందు కంటి పరీక్ష చేయించి, తర్వాత చదువు ఇబ్బందులు చూసే నిపుణులను కలవండి.