ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్, ఏడో పాఠం: చేతిలోని యాప్ గురించి రెండు నిమిషాలు

ఆరో పాఠం చివర, మీకు నచ్చిన ఊరి గురించి ఒకటిన్నర నిమిషం ఇంగ్లీషులో మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోమని కోరాను. ఆ రికార్డింగును చెరిపివేయకుండా ఉంచుకోండి, ఈ పాఠం చివర దానితో పని ఉంది. ఈసారి విషయం మొబైల్ యాప్. రోజంతా చేతిలో ఉండే వస్తువే కాబట్టి దాని గురించి మాట్లాడటం తేలికని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో మాత్రం అభ్యర్థులు మిగతా విషయాలకంటే త్వరగా మాటలు అయిపోయి ఆగిపోయేది దీని దగ్గరే.

ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్‌లోని స్పీకింగ్, అంటే మాట్లాడే పరీక్ష రెండో భాగంలో మీ చేతికి ఒక కార్డు ఇస్తారు. దాని మీద ‘డిస్క్రైబ్ ఎ మొబైల్ యాప్ దట్ యూ యూజ్ ఆఫెన్’ వంటి వాక్యం, దాని కింద ఆ యాప్ ఏమిటి, దాని గురించి మీకు ఎలా తెలిసింది, దేనికి వాడతారు, అది మీకు ఎందుకు ముఖ్యం అనే నాలుగు అంశాలు ఉంటాయి. ఆలోచించుకోవడానికి 1 నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆ తరువాత మీరు 1 నుంచి 2 నిమిషాల పాటు మాట్లాడాలి. 2 నిమిషాలు నిండగానే పరీక్షకుడు మిమ్మల్ని ఆపుతారు, అలా ఆపడం మీ తప్పుకు గుర్తు కాదు. చివర ఒకటి రెండు చిన్న ప్రశ్నలు అడుగుతారు.

సాధారణంగా జరిగేది చూడండి. అభ్యర్థి వాట్సాప్‌నో ఫోన్‌పేనో ఎంచుకుని, ‘ఇట్ ఈజ్ వెరీ యూజ్‌ఫుల్. వి కెన్ సెండ్ మెసేజెస్. వి కెన్ సెండ్ ఫోటోస్. వి కెన్ మేక్ వీడియో కాల్స్’ అని మొదలుపెడతారు. నలభై సెకన్లకు చెప్పవలసినవి అయిపోతాయి, అక్కడి నుంచి మళ్లీ ‘వెరీ యూజ్‌ఫుల్’ దగ్గరకు వస్తారు. ఆ యాప్ ఏం చేయగలదో వాడే వాళ్లందరికీ తెలిసిందే కాబట్టి అందులో మీరు చెప్పేదంటూ మిగలదు. పైగా అన్ని వాక్యాలూ ‘వి కెన్’ అచ్చులోనే పోసినట్టు ఉండటం వల్ల, భూతకాలం గానీ, ‘అలా జరగకపోయి ఉంటే’ వంటి వాక్యం గానీ వచ్చే అవకాశమే ఉండదు. మార్కులేమో ధారాళతకు, పదసంపదకు, వ్యాకరణానికి, ఉచ్చారణకు సమానంగా పంచి ఉన్నాయి. అందువల్ల ఈ పాఠంలో నేను నేర్పదలచింది ఒక్కటే. యాప్ గురించి మాట్లాడకండి, ఆ యాప్ మీ చేతిలో ఉన్న ఒక రోజు గురించి మాట్లాడండి.

నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థిని ఎంచుకున్న యాప్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. ఆమె చెప్పింది ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ గురించి. రైళ్లలో తిరిగే తెలుగువారిలో దానిని ఎరుగనివారు తక్కువ. బెంగళూరులోని ఒక చిన్న సంస్థ తయారుచేసిన ఆ యాప్‌ను 2018లో గూగుల్ కొనుగోలు చేసింది. ఇంటర్నెట్ లేకపోయినా, జీపీఎస్ వేయకపోయినా, దారి పొడుగునా ఉన్న మొబైల్ టవర్లను బట్టి రైలు ఎక్కడ ఉందో చెప్పగలగడం, దిగవలసిన స్టేషన్ దగ్గరపడగానే అలారం మోగించడం దాని ప్రత్యేకతలు. ఇవన్నీ కలిపి రెండు వాక్యాల సమాచారం మాత్రమే. ఆ అమ్మాయి జవాబు నిలబడింది వీటి వల్ల కాదు, విశాఖపట్నం నుంచి వరంగల్‌కు వచ్చే రాత్రి రైలులో పక్క బెర్తు మీద ఉన్న అమ్మమ్మ వల్ల. రైలు నెమ్మదించిన ప్రతిసారీ ఆవిడ మనవరాలిని తట్టి లేపి ‘ఏ ఊరొచ్చిందే?’ అని అడిగేదట.

తయారీకి ఇచ్చిన నిమిషంలో ఆమె కాగితం మీద రాసుకున్నవి ఆరే మాటలు: నైట్ ట్రైన్, అమ్మమ్మ, నో సిగ్నల్, టవర్స్, అలారం, కాజీపేట. వాక్యాలు రాయలేదు. రాసుకున్న కాగితానికి మార్కులు లేవు కాబట్టి అందులో తెలుగు మాట ఉన్నా నష్టం లేదు, మీకు కథ గుర్తుకు వస్తే చాలు. వాక్యాలు రాయబోతే నిమిషంలో రెండు కూడా పూర్తికావు. పైగా మాట్లాడేటప్పుడు వాటిని చదువుతున్నట్టు గొంతు చదునుగా మారిపోతుంది.

ఆమె ఇలా మొదలుపెట్టింది: ‘ది యాప్ ఐ వుడ్ లైక్ టు టాక్ అబౌట్ ఈజ్ కాల్డ్ వేర్ ఈజ్ మై ట్రైన్. ఐ హ్యావ్ బీన్ యూజింగ్ ఇట్ ఫర్ అబౌట్ త్రీ ఇయర్స్, బట్ ఐ ఓన్లీ రియలైజ్డ్ హౌ మచ్ ఐ రిలైడ్ ఆన్ ఇట్ లాస్ట్ వింటర్, వెన్ ఐ వాజ్ ట్రావెలింగ్ విత్ మై గ్రాండ్‌మదర్.’ రెండో వాక్యంలో ‘బట్’ దగ్గర జరిగిన మలుపును గమనించండి. అక్కడితో యాప్ పరిచయం ముగిసి, ప్రయాణం మొదలైంది. ఆ తరువాత ‘ఎవ్రీ టైమ్ ది ట్రైన్ స్లోడ్ డౌన్, షి వోక్ మీ అప్ అండ్ ఆస్క్డ్ విచ్ స్టేషన్ ఇట్ వాజ్’ అంది. చివరకు ‘ఇఫ్ ఐ హ్యాడ్‌న్ట్ సెట్ ద అలారం, వి వుడ్ హ్యావ్ వోకెన్ అప్ ఇన్ కాజీపేట, ద నెక్స్ట్ స్టాప్’ అని ముగించింది. వ్యాకరణ పుస్తకంలో కష్టంగా కనిపించే ఆ ‘ఇఫ్’ వాక్యం ఇక్కడ తనంతట తానే వచ్చింది, ఎందుకంటే చెప్పవలసిన సంగతికి మరో రూపం లేదు. కాజీపేట ఎక్కడుందో పరీక్షకుడికి తెలియకపోవచ్చు కాబట్టి ఆమె చేర్చిన ‘ద నెక్స్ట్ స్టాప్’ అనే చిన్న మాటకు కూడా విలువ ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి, తెలుగువారు ఈ విషయం మీద తరచుగా చేసే రెండు పొరపాట్లను దగ్గరగా చూద్దాం.

మొదటిది ‘సిన్స్’. ‘మూడేళ్ల నుంచి వాడుతున్నాను’ అనే వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘ఐ యామ్ యూజింగ్ ఇట్ సిన్స్ త్రీ ఇయర్స్’ అంటారు. తెలుగులో ‘నుంచి’ అనే ఒక్క మాట మొదలైన సమయాన్నీ, గడిచిన కాలాన్నీ రెండింటినీ మోస్తుంది: ‘2022 నుంచి’ అంటాం, ‘మూడేళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు. మొదలైన సమయానికి ‘సిన్స్ 2022’, గడిచిన కాలానికి ‘ఫర్ త్రీ ఇయర్స్’. పైగా ఆ పని ఇప్పటికీ సాగుతోందని చెప్పడానికి ‘యామ్ యూజింగ్’ సరిపోదు, ‘హ్యావ్ బీన్ యూజింగ్’ అనాలి. డౌన్‌లోడ్ చేయడం మాత్రం ఒకనాడు జరిగి ముగిసిన పని కాబట్టి ‘ఐ డౌన్‌లోడెడ్ ఇట్ త్రీ ఇయర్స్ ఎగో’ అంటే చాలు, అక్కడ ‘హ్యావ్’ పెట్టకూడదు.

రెండోది ‘రావడం’. దీని మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది, ఎందుకంటే ఇది వ్యాకరణం తప్పుగా కనిపించదు కాబట్టి ఎవరూ దిద్దరు. తెలుగులో మనం కదలకుండా కూర్చుంటే అన్నీ మన దగ్గరకు వస్తాయి. ఊరు వస్తుంది, సిగ్నల్ వస్తుంది, ఓటీపీ వస్తుంది, నిద్ర వస్తుంది, చివరకు ఇంగ్లీషు కూడా వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం చాలా చోట్ల మనిషే కర్తగా నిలబడాలి. ‘వరంగల్ కేమ్’ కాదు, ‘వి రీచ్డ్ వరంగల్’. ‘సిగ్నల్ ఈజ్ నాట్ కమింగ్’ కాదు, ‘ఐ కుడ్‌న్ట్ గెట్ ఎ సిగ్నల్’. ‘ఓటీపీ డిడ్ నాట్ కమ్’ అంటే అర్థమవుతుంది గానీ, ‘ఐ డిడ్‌న్ట్ గెట్ ది ఓటీపీ’ అన్నది మరింత సహజం. నిద్ర వస్తే ‘ఐ వాజ్ ఫీలింగ్ స్లీపీ’. యాప్‌ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ‘రావడం’ అడుగడుగునా ఎదురవుతుంది. అందుకే అమ్మమ్మ ‘ఏ ఊరొచ్చిందే?’ అన్న మాటను ఆ అమ్మాయి మాటకు మాటగా మార్చకుండా ‘విచ్ స్టేషన్ ఇట్ వాజ్’ అనడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఉచ్చారణలో ముందుగా సరిచూసుకోవలసింది ‘యాప్’ అనే మాటనే. మనం రాసేటప్పుడూ పలికేటప్పుడూ మొదట ‘య’కారం చేరుస్తాం, కానీ ఇంగ్లీషులో ఆ మాట అచ్చుతోనే మొదలవుతుంది. ‘బ్యాంక్’ అనే మాటలో ‘బ’ తరువాత వినిపించే అచ్చును మాత్రమే విడిగా పలికి, దానికి ‘ప్’ చేర్చండి. ఆ మాటకు ముందు ‘ఎ’ కాకుండా ‘అన్’ రావడానికి కారణం కూడా అదే. ‘అన్’లోని నకారం తరువాతి అచ్చుతో అతుక్కుని రెండు మాటలూ ఒకటిగా వినిపించాలి. రెండో సంగతి, మాట చివర ఉకారం. ఫోను, ట్రైను, యాపు, అలారము అని ఇంట్లో అంటాం, అది మన భాష తీరు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం హల్లు దగ్గరే నోరు ఆగాలి.

పదసంపద గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ‘యూజ్‌ఫుల్’ను ఒక్కసారి వాడండి. తరువాత అవసరమైనప్పుడు ‘ఇట్ కమ్స్ ఇన్ హ్యాండీ’, ‘ఐ రిలై ఆన్ ఇట్’, ‘ఇట్ సేవ్స్ మీ ఎ లాట్ ఆఫ్ ట్రబుల్’ అనవచ్చు. లోపం చెప్పడానికి ‘ఇట్ డ్రెయిన్స్ ద బ్యాటరీ’ చాలు. ఒక లోపం చెప్పడం మంచిదే, దానివల్ల మీరు ప్రకటన చదువుతున్నట్టు ఉండదు. పది కొత్త పదబంధాలను కంఠస్థం చేసి ఒకే జవాబులో గుప్పించకండి. అవి మీ మాటల మధ్య అతుకుల్లా కనిపిస్తాయి, పరీక్షకులు వాటిని తేలికగానే గుర్తుపడతారు.

ఈ వారం అభ్యాసానికి మీరు రోజూ వాడే యాప్‌లలో ప్రసిద్ధమైనదాన్ని కాక, ఒకనాడు మిమ్మల్ని ఇబ్బంది నుంచి గట్టెక్కించినదాన్ని ఎంచుకోండి. అది సిటీ బస్సు ఎక్కడుందో చూపేది కావచ్చు, జేబులో నోట్లు లేని రోజున కూరగాయల బండి దగ్గర యూపీఐ చెల్లింపు జరిపినది కావచ్చు, విదేశంలో చదువుకుంటున్నవారికైతే అక్కడి గదిలో కూర్చుని ఇంటివాళ్ల ముఖాలు చూపించినది కావచ్చు. ఆరు మాటలు రాసుకుని, 2 నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. తరువాత ఆరో పాఠం రికార్డింగును దీని పక్కన పెట్టి, రెండింటిలోనూ ‘సిన్స్’లు, ‘కేమ్’, ‘కమింగ్’లు, ‘వెరీ’లు ఎన్ని ఉన్నాయో కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టండి. ఆ కాగితాన్ని దాచండి. ఎనిమిదో పాఠంలో ఇదే విషయం మీద మూడో భాగం ప్రశ్నలకు, అంటే పిల్లల చేతిలో ఫోన్, పెద్దవారికి యాప్‌లు నేర్పడం, వ్యక్తిగత సమాచారం భద్రత వంటి వాటికి జవాబులు సిద్ధం చేసేటప్పుడు ముందుగా ఆ గీతల దగ్గరి నుంచే మొదలుపెడతాం.