ఇరాన్‌లోని నిశాపూర్, కాషాన్ ఊళ్లలో చేసిన పాతకాలపు కుమ్మరి గిన్నెలు కొనేముందు అతుకులు పట్టడం ఎలా?

కావాల్సినవి: పదింతలు చూపే భూతద్దం, 365 నానోమీటర్ల యూవీ టార్చ్, అసిటోన్, ఇయర్ బడ్స్. చౌకరకం టార్చ్ వద్దు, ఊదా వెలుతురు తప్ప ఏమీ కనపడదు.

1. ముందు కాగితాలు. 1970కి (పురావస్తువుల దొంగ రవాణాపై యునెస్కో ఒప్పందం వచ్చిన ఏడాది) ముందే ఇరాన్ దాటిందని చెప్పే పాత బిల్లో, వేలం కేటలాగో లేకపోతే లేచి వచ్చేయండి. "మా తాతగారి కలెక్షన్" అన్నది కాగితం కాదు.

2. తిరగేసి అడుగు చూడండి. గ్లేజ్, అంటే గాజులాంటి పైపూత, పడనిచోట అసలు మట్టి తెలుస్తుంది. 10వ శతాబ్దపు నిశాపూర్ గిన్నెది మామూలు కుమ్మరి మట్టి. 12, 13 శతాబ్దాల కాషాన్ సరుకుది తెల్లగా, పంచదారలా పలుకుపలుకుగా ఉండే ముద్ద. కాషాన్ కుమ్మరుల ఇంటివాడైన అబుల్ ఖాసిం 1301లో రాసిన పాళ్లు ఇవి: పలుగురాయి పొడి పది, గాజుపొడి ఒకటి, తెల్లమన్ను ఒకటి.

3. ఇక అతుకులు. అందరూ తొందరపడేది ఇక్కడే. మట్టిలోంచి నిండుగా బయటపడే గిన్నెలు అరుదు. ముక్కలు అతికించి, లేనిచోట ప్లాస్టర్ నింపి, పైన రంగులేసి అమ్ముతారు. రంగురంగుల బొమ్మలుండే మీనాయీ గిన్నెల్లో ఇది మరీ ఎక్కువ. ఒక్కోదాంట్లో రెండు మూడు గిన్నెల ముక్కలుంటాయి.

గది పూర్తిగా చీకటి చేసి టార్చ్ వేయండి. అసలు గ్లేజ్ అంతటా ఒకే తీరుగా కనిపించాలి. ఒక్కచోట పాలలాంటి తెలుపు మెరిసినా, లక్క పూసినచోట నారింజ మెరుపు వచ్చినా అక్కడ చెయ్యి పడిందని లెక్క. తర్వాత లోపలి బొమ్మను వదిలేసి గిన్నె వెనకవైపు చూడండి. రిపేరు చేసేవాళ్లు ముఖాలు బాగా దిద్దుతారు, వెనక గీతలు కలిశాయో లేదో పట్టించుకోరు.

అసిటోన్ చివర్లోనే, అమ్మేవాళ్లను అడిగాకే. అంచు దగ్గర అనుమానం ఉన్న గోరంత చోట అద్దండి, రుద్దొద్దు. దూదికి రంగు అంటితే అది కొత్త పూత. బంగారు రేకు ఉన్నచోట, మట్టిలో ఉండి పొరలు లేచి ఇంద్రధనస్సు రంగులు తేలినచోట దూది తగలనే కూడదు, ఆ పొర ఊడొస్తుంది.

గోటితో కొట్టి మోత వినే పద్ధతిని నేను లెక్కలోకి తీసుకోను. పగులుందని తెలుస్తుందేమో గానీ, ఎంత భాగం కొత్తదో తెలియదు. నన్నడిగితే నిండుగా ఉన్న మీనాయీ కంటే, పగుళ్లు దాచకుండా అతికించిన నిశాపూర్ గిన్నే కొనాలి.

4. థర్మోలూమినిసెన్స్ (మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పే పరీక్ష) సర్టిఫికెట్ చూపిస్తే, శాంపిల్ ఎక్కడ తీశారో అడగండి. పాత అడుగుకు కొత్త గోడలు అతికించిన గిన్నె కూడా అడుగులో తీస్తే పాసవుతుంది.