అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: కాగితాలు ఎక్కడ తేడా కొడతాయంటే

పిల్లల దగ్గరికి వెళ్లడానికి అమెరికా వీసా అనగానే ఇంట్లో ముందు తెరుచుకునేది బీరువా. పట్టాదారు పాసుపుస్తకాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, ఇంటి పన్ను కాగితాలు, పెన్షన్ ఆర్డరు అన్నీ ఒక ఫైల్లోకి చేరతాయి. కాన్సులేట్ కిటికీ అవతల కూర్చున్న అధికారి అందులో ఒక్క కాగితం కూడా అడగకపోవచ్చు. ఆ అధికారి చూసేది డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారాన్ని, వినేది మీ వాళ్ల నోటి జవాబును. అసలు తేడాలు అంతకు చాలా ముందే మొదలవుతాయి: పాస్‌పోర్టులో పేరు పడిన తీరులో, ఆ ఫారం నింపిన తీరులో. అందుకే ఫైలు సంగతి పక్కన పెట్టి పాస్‌పోర్టు తెరవండి.

ఇంటిపేరు ఏ గడిలో పడింది?

పాస్‌పోర్టులో సర్‌నేమ్‌కి ఒక గడి, గివెన్ నేమ్‌కి ఒక గడి ఉంటాయి. మన పెద్దవాళ్లలో చాలామంది ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతోనే జీవితమంతా నెట్టుకొచ్చారు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా రాయాలి. దాంతో కొందరికి ఇంటిపేరు సరైన గడిలో పడుతుంది. కొందరికి ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లో పడి, సర్‌నేమ్ గడి ఖాళీగా మిగులుతుంది. కొందరికి రెండూ తారుమారవుతాయి.

తారుమారైతే కంగారు అక్కర్లేదు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో, వీసా ఫారంలోనూ టికెట్‌లోనూ అదే వరసలో రాస్తే సరిపోతుంది. చిక్కంతా ఖాళీ గడితోనే. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే డీఎస్-160లో పేరు మొత్తాన్ని సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పెట్టాలి. 'మొదటి పేరు తెలియదు' అనడానికి అది పొట్టి రూపం. వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. అది చూసి వీసా తప్పుగా వచ్చిందని బెంబేలు పడేవాళ్లు ఉన్నారు. అది తప్పు కాదు. కానీ టికెట్ కొనేటప్పుడు, ఆ తర్వాత ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే రికార్డు) వెతికేటప్పుడు ప్రతిసారీ అడ్డు తగులుతుంది. పేరు మొత్తం ఒకే పదమైతే ఇంకో ఇబ్బంది ఉంది: దుబాయ్‌లో రెండు రోజులు ఆగి చూసి వెళ్దామనుకుంటే, రెండో గడి ఖాళీగా ఉన్న ఒంటి పదం పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం లేదు.

వ్యవధి ఉంటే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి ఇంటిపేరును దాని గడిలోకి మార్పించుకోవడమే మేలు. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ముందు ఆధార్‌లో పేరు పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా ఉండేలా సరిచేయించండి. ఆ పని చేయకుండా పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్తే అక్కడ ఆగిపోతారు. ఇదంతా వీసా ఫీజు కట్టకముందే ముగించాలి. ఫారం నింపాక పాస్‌పోర్టు నంబరు మారితే ఫారం మళ్లీ నింపాల్సిందే.

లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాయాలా, ఎక్స్‌తో రాయాలా అన్న చర్చ కూడా ఇక్కడితో ఆపేయండి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అదే. పుట్టిన తేదీ కూడా అంతే. బడిలో వేసిన తేదీ, జాతకంలో తేదీ వేరువేరుగా ఉన్నా పాస్‌పోర్టులో ఉన్నదే ఇకమీదట అసలు తేదీ.

డీఎస్-160

ఇద్దరికీ రెండు వేరు ఫారాలు. 20 నిమిషాలు కదలకుండా వదిలేస్తే ఫారం మూసుకుపోతుంది, కాబట్టి ప్రతి పేజీకీ సేవ్ నొక్కండి. మొదట్లోనే వచ్చే అప్లికేషన్ ఐడీని, రహస్య ప్రశ్నకు మీరిచ్చిన జవాబును రాసి పెట్టుకోండి. అవి లేకపోతే సగం నింపిన ఫారం మళ్లీ తెరుచుకోదు.

ఫొటో రెండంగుళాల చదరం, తెల్లటి నేపథ్యం, ఆరు నెలల లోపు తీసినది. కళ్లద్దాలు తీసేయాలి, రోజూ పెట్టుకునేవాళ్లయినా సరే. స్టూడియోలో మొహం తెల్లగా, నున్నగా దిద్ది ఇస్తారు. అలా దిద్దవద్దని ముందే చెప్పండి.

తప్పులు ఎక్కువగా జరిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. 'ఇతర పేర్లు ఎప్పుడైనా వాడారా' అన్నచోట అమ్మ విషయంలో లేదని కొట్టేస్తారు. పదో తరగతి సర్టిఫికెట్ పుట్టింటి ఇంటిపేరుతో ఉంటే జవాబు అవును, ఆ పేరు రాయాలి. సొంత లిపిలో పేరు అడిగిన చోట తెలుగులోనే టైప్ చేయవచ్చు. సోషల్ మీడియా ఖాతాలు అయిదేళ్లవి అడుగుతారు. నాన్నకు ఫేస్‌బుక్ లేదని మీరు అనుకుంటారు, ఆయన ఫోన్‌లో మాత్రం ఉంటుంది. అడిగి రాయండి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న, 'మీ తరఫున ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా' అన్నది. సిటిజెన్‌షిప్ వచ్చిన కొడుకో కూతురో గ్రీన్‌కార్డు కోసం ఐ-130 అనే పిటిషన్ వేసి ఉంటే అవునని రాయక తప్పదు. ఆ సమాచారం వాళ్ల కంప్యూటర్లో ముందే ఉంటుంది. అవునంటే వీసా రావడం కష్టం కావచ్చు. కానీ కాదని అబద్ధం రాసి దొరికితే, తప్పుడు సమాచారం కింద జీవితాంతం నిషేధం పడే అవకాశం ఉంది. ఆస్తులు పెంచి చూపించే దొంగ కాగితాలకూ ఇదే శిక్ష. 'అందరూ పెడుతున్నారు సార్' అనే కన్సల్టెన్సీ ఏజెంటు ఆ నిషేధాన్ని మీతో పంచుకోడు.

ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని చివర్లో ఉంటుంది. మీరు నింపితే మీ పేరు రాయండి, అందులో తప్పేమీ లేదు. అయితే చివరి సంతకం బటన్ మాత్రం ప్రయాణించే మనిషే నొక్కాలి. ఆ బటన్ నొక్కేముందు ఫారం మొత్తం వాళ్లకు తెలుగులో చదివి వినిపించండి. తన ఫారంలో ఏముందో తనకే తెలియకుండా ఇంటర్వ్యూకి వెళ్లడం వల్ల జరిగే నష్టం, ఏ కాగితం మర్చిపోయినా జరగదు.

ఎన్నాళ్లు ఉంటారన్నది నిజంగా అనుకున్నదే రాయండి. నెల అని రాసి ప్రతిసారీ ఆరు నెలలు ఉండి వస్తే, రెన్యువల్ అప్పుడో ఎయిర్‌పోర్టులోనో దాని గురించి అడుగుతారు.

స్లాట్, వేలిముద్రలు, కిటికీ

విజిటర్ వీసా ఫీజు 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. రసీదు ఏడాదిలోపు స్లాట్ బుక్ చేసుకోవడానికి పనికొస్తుంది. భార్యాభర్తలను ఒకే ప్రొఫైల్లో చేర్చి ఒకే స్లాట్ తీసుకోండి. స్లాట్ బుక్ చేశాక ఏదో దిద్దాలని కొత్త డీఎస్-160 నింపితే, కొత్త కన్ఫర్మేషన్ నంబరును అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లోనూ మార్చాలి. నంబర్లు కలవక గేటు దగ్గరే వెనక్కి వచ్చేవాళ్లు ఉన్నారు.

రెండు వేరు రోజులు, రెండు వేరు చోట్లు: వేలిముద్రలు, ఫొటో ఇచ్చేది వీసా అప్లికేషన్ సెంటర్‌లో, ఇంటర్వ్యూ కాన్సులేట్‌లో. హైదరాబాద్ కాన్సులేట్ 2023లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రాంగూడకు మారింది. ఎప్పుడో వెళ్లొచ్చిన బంధువుల మాట విని బేగంపేటలో దిగకండి. ఫోన్లు, బ్యాగులు లోపలికి రానివ్వరు. బయట వాటిని పట్టుకుని నిలబడే మనిషి ఒకరు ఉండాలి. పొలం పనుల వల్లా వయసు వల్లా వేలిగీతలు అరిగినవాళ్లు వారం ముందునుంచి చేతులకు నూనె రాసుకుంటే ముద్రలు కాస్త తేలికగా పడతాయి.

పాత వీసా గడువు తీరి ఏడాది దాటకపోతే, అది పూర్తి కాలవ్యవధితో ఇచ్చినదైతే, ఇంటర్వ్యూ లేని రెన్యువల్‌కు అర్హత ఉండొచ్చు. 79 ఏళ్లు దాటినవాళ్లకు వయసును బట్టి ఇచ్చే మినహాయింపు మాత్రం 2025 సెప్టెంబరులో పోయింది. తాతగారిని కూడా తీసుకెళ్లాల్సిందే.

ఇంటర్వ్యూ తెలుగులో అడగవచ్చు. అడగడం వల్ల మార్కులు తగ్గవు. రాని ఇంగ్లీషులో బట్టీ పట్టిన జవాబు చెప్పడం కంటే అదే నయం. ఎవరి దగ్గరికి, ఎందుకు, ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది, ఇక్కడ ఏం చేస్తుంటారు, మిగతా పిల్లలు ఎక్కడ ఉంటారు: వీటి చుట్టూనే మాట తిరుగుతుంది. కొడుకు ఏ కంపెనీలో, ఏ ఊళ్లో, ఏ వీసా మీద ఉన్నాడో ఇద్దరికీ తెలిసి ఉండాలి. కూతురి పురుటికి వెళ్తుంటే పురుడనే చెప్పండి.

ఇక ఫైలు: పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులన్నీ, డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ కాగితం తప్పనిసరి. పిల్లల వీసా లేదా ఐ-797 (ఆమోద నోటీసు) కాపీ, జీతం స్లిప్పులు, మీ వాళ్ల పెన్షన్ లేదా బ్యాంకు కాగితాలు అడిగితే ఇవ్వడానికి. విజిటర్ వీసాకు ఆహ్వాన పత్రం గానీ ఖర్చు భరిస్తామని రాసిచ్చే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ గానీ తప్పనిసరి కాదు. చార్టర్డ్ అకౌంటెంట్‌తో వేలు పోసి రాయించే ఆస్తి విలువ నివేదిక దండగ.

214(బి) అని కాగితం చేతికిస్తే, తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని అర్థం. దానికి అప్పీలు లేదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లాలి. 221(జి) అంటే అది వేరు: ఏదో కాగితమో పరిశీలనో మిగిలి ఉంది, కాగితంలో చెప్పినట్టు చేయాలి. రెంటినీ కలిపి 'రిజెక్ట్ అయింది' అనుకుని కొత్త ఫీజు కట్టేయకండి.

పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా మీద పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం పోల్చండి. అచ్చు తప్పు ఉంటే టికెట్ కొనకముందే దిద్దించుకోవాలి. వీసా పాత పాస్‌పోర్టులో ఉండి కొత్తది తీసుకుంటే వీసా చెల్లుతుంది, కానీ రెండు పుస్తకాలూ వెంట ఉండాలి.

మధ్యలో దిగే ఊరు

ఒకే టికెట్ మీద ఎయిర్‌పోర్టు దాటకుండా విమానం మారితే, దుబాయ్, దోహాల్లో ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల కూడా చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవాళ్లకు ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా మినహాయింపు ఉంది. చిక్కు వచ్చేది చవగ్గా వస్తుందని రెండు వేరు టికెట్లు కొన్నప్పుడు. అప్పుడు మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, అంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాలి, దానికి వేరే వీసా కావాలి. శంషాబాద్‌లోనే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. పెద్దవాళ్లకు అలాంటి టికెట్ కొననే వద్దు.

అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి అక్కడ కనెక్షన్‌కి ఎక్కువ వ్యవధి ఉండాలి. నడవగలిగినా సరే, భాష రానివాళ్లకు వీల్‌చెయిర్ అడగండి. బుకింగ్ అప్పుడే చెప్పాలి. వీల్‌చెయిర్ తోసే మనిషే వాళ్లను సరైన క్యూ దాకా చేరుస్తాడు.

పచ్చళ్ల పెట్టె

ఆవకాయ, మాగాయ చెకిన్ పెట్టెలోనే వెళ్లాలి. అక్కడ సాధారణంగా వదులుతారు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు, మాంసం ఏ రూపంలోనూ కుదరదు. తాజా కరివేపాకు నిషేధం. నిమ్మజాతి తోటలను చంపే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. బియ్యం, శనగలు నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో ఆపేస్తారు, ఇంటి బియ్యమని బతిమాలినా లాభం లేదు. తెచ్చిన తిండి ఏదైనా ఉందని చెప్పడం ముఖ్యం. చెప్పిన దాన్ని కుదరకపోతే పారేస్తారు, అంతే. దాచి దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా జరిమానా.

మందులు డాక్టరు చీటీతో, అసలు అట్టపెట్టెల్లోనే, 90 రోజులకు మించకుండా. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి. వెంట తెచ్చే నగదు కుటుంబం మొత్తం కలిపి 10,000 డాలర్లు మించితే ప్రకటించాలి.

దిగాక చూడాల్సిన తేదీ

పదేళ్ల వీసా అంటే పదేళ్లలో ఎప్పుడైనా వచ్చి తలుపు తట్టవచ్చని మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో తేల్చేది ఎయిర్‌పోర్టులో అధికారి ఇచ్చే ఐ-94 తేదీ. సాధారణంగా ఆరు నెలలు. పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ఆ గడువు దాకానే ఇవ్వవచ్చు. చాలామంది చూసుకోనిది ఇదే. అందుకే పాస్‌పోర్టులో ఏడాది కంటే తక్కువ మిగిలి ఉంటే రెన్యూ చేయించి బయల్దేరండి.

ఇమ్మిగ్రేషన్ అధికారికి చూపించడానికి మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ తేదీ ఇంగ్లీషులో రాసిన ఒక కాగితం వాళ్ల జేబులో ఉంచండి. ఫోన్‌లో ఉంటే చాలదు, దిగేసరికి చార్జింగ్ ఉండదు.

ఇంటికి చేరిన రోజే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి ప్రింట్ పెట్టండి. పేరు కొడితే దొరకకపోతే గడులు తారుమారు చేసి చూడండి, ఎఫ్‌ఎన్‌యూ ఉన్నవాళ్లకు అలాగే దొరుకుతుంది. తేదీ గానీ వీసా తరగతి గానీ తప్పుపడితే దగ్గర్లోని సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దుతారు.

ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే, ఐ-94లోని తేదీకి కనీసం 45 రోజుల ముందు ఐ-539 అనే గడువు పొడిగింపు దరఖాస్తు వేయాలి. తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఆ పదేళ్ల వీసా రద్దయిపోతుంది. 180 రోజులు మించితే మూడేళ్లు, ఏడాది మించితే పదేళ్లు తిరిగి రానివ్వరు. తిరుగు టికెట్‌ను సరిగ్గా చివరి రోజుకు కొనకుండా వారం ముందుకు కొనండి. విమానం రద్దయినా, జ్వరం వచ్చినా ఆ వారం చేతిలో ఉంటుంది. తిరిగి వచ్చిన బోర్డింగ్ పాస్‌ను పాస్‌పోర్టులోనే దాచండి. వెళ్లిపోయిన రికార్డు వాళ్ల దగ్గర నమోదు కాకపోతే చూపించడానికి అదే ఆధారం.