వికీ వ్యాసానికి పుస్తకం కావాలా? ముందు ఖాళీ చూపించండి

ఉద్యోగమంతా ఇతరుల బిల్లులు చదవడంతోనే గడిచింది. డబ్బు అడిగే కాగితాల్లో ఏది నిలుస్తుందో, ఏది కొర్రీతో వెనక్కి పోతుందో మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పగలను. పర్లాకిమిడిలో రిటైరయ్యాక తెలుగు వికీపీడియాలో సవరల గురించి రాయడం మొదలుపెట్టాను. మా గజపతి జిల్లా కొండల్లో, గునుపురం వైపు, అటు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఉండే ప్రజలు వాళ్లు. వాళ్ల మీద మంచి పుస్తకాలు ఉన్నాయి. కొన్నింటి ధర పింఛనుదారు తాహతుకు మించింది. అలాంటి పుస్తకాన్ని వికీపీడియా రచయితలకు సాయం చేసే సంస్థలను అడిగి తెప్పించుకోవచ్చు.

అడిగేవాళ్లలో ఎక్కువమంది 'భాషాసేవ చేస్తున్నాను, పుస్తకాలు ఇప్పించగలరు' అని రాస్తారు. నేనైతే దాన్ని చదవకుండానే పక్కన పెడతాను. డబ్బిచ్చేవాళ్లకు మీ సేవతో పని లేదు. వ్యాసంలో ఏ వాక్యానికి ఆధారం లేదో, దాన్ని ఏ పుస్తకం తీరుస్తుందో తెలియాలి. కాబట్టి డబ్బు ఆలోచనకు ముందు వ్యాసాన్నే రాయండి. దొరికిన మూలాలతో రాయగలిగినంతా రాసి, మిగిలిన చోట 'ఆధారం చూపాలి' మూస (వాక్యం పక్కన కనిపించే గుర్తు) పెట్టండి. ఆ మూసలే మీ దరఖాస్తుకు పునాది. ఖాళీగా ఉన్న మొలక (మరీ చిన్న) వ్యాసం చూపించి పుస్తకం అడిగితే, మీరు దాన్ని చదువుతారన్న నమ్మకం ఎవరికీ కలగదు.

ఇంత పుస్తకం పట్టుదల ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. వారం వారం కొండ దిగి అల్లం, చింతపండు తెచ్చే సవర పెద్దాయనకు తన ఊరి ఆచారాల గురించి తెలియనిది లేదు. కానీ ఆయన నాతో చెప్పినది వికీపీడియాలో మూలంగా చెల్లదు. ప్రచురితమైనదే చెల్లుతుంది. ఆ నియమం నాకు నచ్చదు, అయినా పాటిస్తాను.

డబ్బు అడిగే ముందు ఉచితంగా దొరికేవన్నీ చూసేయాలి. ఈ మెట్టు దాటేసిన దరఖాస్తుకు మొదటి కొర్రీ ఇక్కడే పడుతుంది. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్కగట్టి 60 ఏళ్లకు కాపీహక్కు ముగుస్తుంది. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి 1940లో పోయారు. ఆయన పేరుతోనే వెలువడిన పుస్తకాల మీద హక్కు ఎప్పుడో తీరిపోయింది. సవరల మతం మీద 1955లో పెద్ద గ్రంథం వెలువరించిన వెరియర్ ఎల్విన్ 1964లో చనిపోయారు. అంటే 2025 జనవరి 1 నుంచి ఇక్కడ ఆ గ్రంథం కూడా అందరిదీ. ఇలాంటివాటికి నిధి అడిగితే నవ్వుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో రచయిత పేరును రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకండి. పాత స్కాన్లకు పెట్టిన శీర్షికలు చాలా చోట్ల తప్పులతడకలు.

తర్వాత చూడవలసింది వికీపీడియా లైబ్రరీ, అంటే వికీపీడియా రచయితలకు డబ్బు కట్టి చదివే మూలాలను తెరిచే సేవ. ఖాతా తెరిచి 6 నెలలై, మొత్తం 500 మార్పులు చేసి, గత 30 రోజుల్లో కనీసం 10 మార్పులు చేసి ఉంటే, ఖాతా మీద నిరోధం లేకపోతే, పరిశోధన పత్రికలుండే జేస్టోర్ వంటి ఖరీదైన భాండాగారాలు ఉచితంగా తెరుచుకుంటాయి. కావలసింది ఒక్క అధ్యాయమే అయితే, ఇంగ్లీషు వికీపీడియాలో మూలాలు అడిగి తీసుకునే పేజీ ఉంది, అక్కడ రాయండి. ఆ పుస్తకం దగ్గరున్న వాడుకరి ఎవరో ఒకరు స్పందిస్తారు. ఒడియా చదవడం వచ్చిన మనలాంటి సరిహద్దు వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ఒడియా పుస్తకాన్ని తెలుగు వ్యాసంలో మూలంగా ఇవ్వడానికి అడ్డంకేమీ లేదు. బరంపురం దుకాణాల్లో అవి చవకగానే దొరుకుతాయి. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

ఇవన్నీ అయ్యాక మిగిలేది ఒకటో రెండో పుస్తకాలు. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఇచ్చే చిన్న నిధి ర్యాపిడ్ ఫండ్‌కు కనిష్ఠ మొత్తమే 500 డాలర్లు, గరిష్ఠం 5,000. ఒక్క పుస్తకం కోసం నలభై వేల రూపాయలకు పైగా అడగడం సబబు కాదు. నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక పుస్తకాల పట్టికతో వెళితేనే అది పనికొస్తుంది. ఒంటరివాళ్లు ముందు తెలుగు వికీపీడియా చర్చావేదిక అయిన రచ్చబండలో విషయం పెట్టాలి. ఎవరిని అడగాలో అక్కడి పాతకాపులు చెబుతారు. నలుగురి మద్దతు రాతపూర్వకంగా కూడా మిగులుతుంది.

డబ్బు అడగకండి, పుస్తకం అడగండి. వాళ్లే కొని మీ చిరునామాకు పంపితే మీ చేతిలో నగదు ఉండదు, లెక్కల తలనొప్పీ ఉండదు. విదేశీ సంస్థ నుంచి సొమ్ము నేరుగా మీ ఖాతాలో పడేటట్లయితే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం సంగతి ముందే ఆ సంస్థవాళ్లను రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పిన మాటను ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

ఇక కాగితం. నేను రాసే తీరు ఇది: 'సవరలు వ్యాసంలో మతం విభాగం 1955 నాటి గ్రంథం దగ్గర ఆగిపోయింది. తర్వాతి తరంలో క్రైస్తవం, హిందూ ఆచారాలు ఎలా వ్యాపించాయో చెప్పే మూడు వాక్యాలకు ఆధారం లేదు. పియర్స్ విటెబ్స్కీ రాసిన లివింగ్ వితౌట్ ది డెడ్ (యూనివర్సిటీ ఆఫ్ షికాగో ప్రెస్, 2017) ఈ మార్పు గురించే. ఉచితంగా ఎక్కడా దొరకలేదు, వెతికిన చోట్ల జాబితా కింద ఉంది. రెండు దుకాణాల ధరలు, పోస్టు ఖర్చు జతపరిచాను. పుస్తకం అందిన రెండు నెలల్లో ఆ విభాగం తిరగరాస్తాను. పని పూర్తయ్యాక పుస్తకాన్ని ఊళ్లోని కళాశాల గ్రంథాలయానికి ఇస్తాను.' అంతే. మీ జీవితచరిత్ర వద్దు, వాడుకరి పేజీ లింకు చాలు. రెండు ధరల్లో తక్కువదాన్నే కోరండి. పాత ప్రతి అయినా ఫరవాలేదని రాస్తే మరీ మంచిది.

పుస్తకం చేతికి వచ్చాక బిల్లు ఫోటో తీసి దాచుకోండి. చదువుతున్నప్పుడే పేజీ సంఖ్యలు రాసుకోవాలి. పేజీ సంఖ్య లేని మూలం నా దృష్టిలో సంతకం లేని వోచరు. కాపీహక్కు ఉన్న పుస్తకం పేజీలను వికీపీడియా బొమ్మల భాండారమైన కామన్స్‌లోకి ఎక్కించకూడదు. విషయం మీ మాటల్లో రాయాలి, అనువాదం చేసి పేరాలకు పేరాలు దించకూడదు. తొలగించిన ప్రతి 'ఆధారం చూపాలి' మూసకూ ఆ మార్పును చూపే లింకు పెట్టి, వ్యాసం చర్చ పేజీలో ఒక చిన్న నివేదిక రాయండి. పుస్తకం ఇప్పించినవాళ్లకు అదే లింకు పంపండి. పుస్తకంలో మీకు కావలసింది దొరకకపోతే అదీ రాయండి. పుస్తకాన్ని గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు రసీదు అడిగి తీసుకుని నివేదికకు జతచేయండి.