ప్రొజెక్టర్‌తో లేజర్ లైటింగ్, 3వ పాఠం: గీత నుంచి వెలుగు తెర

అసలు లేజర్ లేకుండా, మామూలు ప్రొజెక్టర్ వెలుగునే పొగలో లేజర్ షోలా నిలబెట్టడం మన పని. పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? కిటికీలకు దుప్పట్లు కట్టి, సాంబ్రాణి వేసి, ఒట్టి తెల్ల స్లైడు పెట్టి చూడమన్నాను. చేసినవాళ్లకు నిరాశే మిగిలి ఉంటుంది. గది నిండా పాలు ఒలికినట్టు తెల్లగా అయిందే తప్ప ఒక్క కిరణమైనా కనపడి ఉండదు. పాత పెంకుటిళ్లలో కప్పుకి ఒక గాజు పెంకు ఉండేది. దాంట్లోంచి దిగిన ఎండ, పొయ్యి పొగలో కడ్డీలా నిలబడేది. మిగతా వంటిల్లు చీకటి కాబట్టే ఆ కడ్డీ కనపడేది. అందుకే ఈసారి స్లైడు నల్లగా ఉంటుంది, దాని మీద ఒకటే గీత గీస్తాం.

దీనికి పవర్‌పాయింట్ చాలు. బ్యాక్‌గ్రౌండ్ పూర్తి నలుపు పెట్టండి. ముదురు బూడిద రంగు పనికిరాదు. అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక తెల్ల గీత గీసి, మందం 1.5 పాయింట్లు ఇవ్వండి. మామూలు వైడ్ స్లైడు వెడల్పు 960 పాయింట్లు, ఫుల్ హెచ్‌డీ బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు. అంటే పాయింటుకి రెండు పిక్సెళ్లు, మన గీత మూడు పిక్సెళ్లు. గోడ మీద బొమ్మ నాలుగు మీటర్ల వెడల్పు వస్తే పిక్సెల్ 2 మిల్లీమీటర్లు, గీత 6 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నగా గీస్తే పొగలో తేలిపోతుంది. చవక ప్రొజెక్టర్ల డబ్బా మీద ‘1080పీ సపోర్ట్’ అని ఉన్నా లోపల అన్ని పిక్సెళ్లు ఉండకపోవచ్చు. మీది అలాంటిదైతే గీత అంచులు అలుక్కుపోతాయి, కాస్త లావుగా గీసుకోండి. కీస్టోన్, అంటే వంకరగా పడ్డ బొమ్మను సరిచేసే సెట్టింగ్, మాత్రం అందరూ సున్నాకి తెచ్చేయాలి. అది బొమ్మను సాగదీసి సన్న గీతను మెట్లుమెట్లుగా చేస్తుంది.

స్లైడ్ షో మొదలుపెట్టి, ప్రొజెక్టర్‌కి ఎదురుగా, వెలుగుకి కాస్త కిందుగా నేల మీద కూర్చోండి. లెన్స్‌లోకి నేరుగా చూడొద్దు. గోడ మీద గీత గీతగానే ఉంటుంది. గాల్లో మాత్రం అది లెన్స్ దగ్గర మొదలై గోడ దాకా విప్పుకున్న విసనకర్ర. అదే మన వెలుగు తెర. చెరువులో మునిగి కింది నుంచి నీటి మట్టాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. సాంబ్రాణి పొగ ఆ మట్టాన్ని తాకిన చోట సుళ్లు తిరుగుతూ కనపడుతుంది, రెండంగుళాలు పైకో కిందికో పోగానే మాయమవుతుంది. చెయ్యి పెట్టండి. వేళ్ల వెనక నాలుగు నల్ల చారలు గోడ దాకా పోతాయి. నాకు ఈ పని మీద మోజు పుట్టింది ఆ చారలు చూసే.

ఇప్పుడు లేచి ప్రొజెక్టర్ వెనక్కి వెళ్లి అదే తెరను చూడండి. సగం కూడా కనపడదు. పొగ రేణువులు తమ మీద పడ్డ వెలుగులో ఎక్కువ భాగాన్ని అది పోతున్న దిక్కుకే, ముందుకి చిమ్ముతాయి, వెనక్కి వచ్చేది కొంచెమే. అందుకే స్టేజీ మీద ప్రొజెక్టర్‌ని వెనక పెట్టి, జనం వైపు తిప్పి, వెలుగు తలల మీదుగా పోయేంత ఎత్తులో బిగిస్తాం. సినిమా హాల్లోలాగా జనం వెనక పెడితే సగం కష్టం వృథా.

ఇక లెక్క. ఇది చూసుకోకుండా చాలామంది లేజర్ కిరణాల కోసం స్లైడు మీద చుక్కలు పెట్టి దెబ్బతింటారు. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. మీది 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ అనుకుందాం. ఆ వెలుగు మొత్తం తెల్ల స్లైడుది. మన గీత ఫుల్ హెచ్‌డీ బొమ్మలోని 1080 పిక్సెల్ వరసల్లో మూడు వరసలే, అంటే 360వ వంతు, ఎనిమిది ల్యూమెన్ల పైచిలుకు. మిగతాదంతా ప్రొజెక్టర్ లోపలే వేడిగా పోతుంది. లేజర్‌కి ఈ బాధ లేదు, ఉన్న వెలుగంతా కిరణంలోకే పోస్తుంది. 20 పిక్సెళ్ల చదరపు చుక్క పెడితే దాని వాటా 0.6 ల్యూమెన్లు. 5 మిల్లీవాట్ల ఆకుపచ్చ లేజర్ పెన్నే దాదాపు 3 ల్యూమెన్లు ఇస్తుంది. కాబట్టి కిరణాల విషయంలో లేజర్‌తో పోటీ పడకండి. అలా చేయగలమని పని ఇచ్చిన పార్టీకి మాట కూడా ఇవ్వకండి. తెర సంగతి వేరు. అంచు వైపు నుంచి చూసే కంటికి మీటర్ల కొద్దీ వెలిగే పొగ ఒకదాని వెనక ఒకటి పేరుకుని కనపడుతుంది, ఎనిమిది ల్యూమెన్లే అయినా మెరుపు తీగలా ఉంటుంది. మన బలం అదొక్కటే.

లేజర్‌తో ఇంకో తేడా ఉంది. ప్రతి పిక్సెల్ వెలుగూ లెన్స్ మొత్తంలోంచి బయల్దేరి, ఫోకస్ చేసిన చోట సన్నబడుతుంది. అందుకే లెన్స్ దగ్గర తెర లావుగా, మసకగా ఉంటుంది. జనం తలల మీద అది పదునుగా ఉండాలంటే గోడకి కాకుండా హాలు మధ్యకి ఫోకస్ చేయండి.

గీత కుదిరితే సున్నా గీయండి. లోపల రంగు వద్దు, అంచు మాత్రమే. గాల్లో అది శంకువులా సొరంగం అవుతుంది. 1973లోనే ఆంథొనీ మెకాల్ అనే కళాకారుడు 16 ఎంఎం సినిమా ప్రొజెక్టర్‌తో ఒక చుక్కను అరగంట సేపట్లో పూర్తి వలయంగా సాగదీసి, చూసేవాళ్ల మధ్య గాల్లో వెలుగు శంకువుని నిలబెట్టాడు. అప్పట్లో గదిలోని దుమ్మూ సిగరెట్ పొగే ఆయన హేజ్ మెషీన్, అంటే స్టేజీల మీద పల్చటి పొగ చిమ్మే యంత్రం.

కదలిక కోసం గీతను 540 పాయింట్లకు కుదించి, యానిమేషన్‌లో ‘స్పిన్’ ఇవ్వండి. స్లైడు ఎత్తు అంతే, గీత పొడవు అంతకు మించితే నిలువుగా తిరిగినప్పుడు చివరలు తెగుతాయి. ఒక చుట్టుకి పది సెకన్లు, రిపీట్ ‘అంటిల్ ఎండ్ ఆఫ్ స్లైడ్’, స్మూత్ స్టార్ట్, స్మూత్ ఎండ్ రెండూ సున్నా. లేకపోతే ప్రతి చుట్టుకీ ఆగి ఆగి తిరుగుతుంది.

రంగు విషయంలో నా సలహా: ముందు తెలుపు, తర్వాత ఆకుపచ్చ. తెల్లటి వెలుగులో మన కంటికి కనపడే కాంతిలో ఆకుపచ్చది 72 శాతం దాకా ఉంటుంది, నీలానిది 7 శాతమే. పెళ్లివాళ్లు నీలమే కావాలని పట్టుబడితే అందులో సగం ఆకుపచ్చ కలిపి ఇవ్వండి, పొగలో నీలంగానే చెల్లిపోతుంది.

ఒకసారి ఒక స్కూలు వార్షికోత్సవంలో స్పీకర్ల అదురుకి హెచ్‌డీఎంఐ కేబుల్ వదులైంది. ‘నో సిగ్నల్’ అన్న నీలి తెర నిండు హాలు మీద భళ్లున పడింది. పిల్లలు అది కూడా ఐటమ్ అనుకుని చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం చెమటలు పట్టాయి. తప్పు నాదే. ప్రొజెక్టర్ మెనూలో సిగ్నల్ లేనప్పుడు నలుపు చూపించే సెట్టింగ్ ఉంటుంది, పెట్టుకోలేదు. మీరు ఇప్పుడే పెట్టేయండి. మౌస్ బాణం దాచండి, ల్యాప్‌టాప్ నోటిఫికేషన్లు ఆపండి. బ్యాటరీ అయిపోతోందన్న డబ్బా కూడా గాల్లో తేలుతుంది.

వచ్చే పాఠానికి రెండు నిలువు గీతలు ఎదురెదురు దిక్కుల్లో తిరిగేలా చేసి తీసుకురండి, పాటకి కలుపుదాం. సాంబ్రాణితో సాధన చేసిన ప్రతిసారీ ప్రొజెక్టర్ ఫిల్టర్ విప్పి దులపండి. ఆ పొగ జిడ్డు లెన్స్‌కీ పడుతుంది.