కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోతోందా? యూపీఎస్ సమస్యలు - పరిష్కారాలు

యూపీఎస్ ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది, అయినా కరెంటు పోయిన మరుక్షణం కంప్యూటర్ ఆగిపోతోంది. నా దగ్గరికి వచ్చే యూపీఎస్ ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త బ్యాటరీ కొనేసి ఉంటారు. కొనేముందు ఒక్క పది నిమిషాలు ఆగి, కింద చెప్పిన వరుసలో చూడండి.

ముందు సాకెట్ చూడండి

యూపీఎస్ వెనక ఉన్న సాకెట్లన్నీ ఒకటి కావు. చాలా మోడళ్లలో కొన్నింటికే బ్యాటరీ సరఫరా ఉంటుంది. మిగతావి సర్జ్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగరడం) నుంచి కాపాడతాయంతే, కరెంటు పోతే అవీ పోతాయి. ఏది ఏదో సాకెట్ పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. టేబుల్ కింద చీకట్లో చేత్తో తడుముతూ ప్లగ్ పెడితే అది కనిపించదు. టార్చ్ వేసి చదవండి. సీపీయూ, మానిటర్ రెండూ బ్యాటరీ సాకెట్లలోనే ఉండాలి. "నేను సరిగ్గానే పెట్టాను" అని చూడకుండా చెప్పొద్దు. ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో ప్లగ్ తీసి పక్క సాకెట్లో పెట్టిన సందర్భాలు నేను ఎన్నో చూశాను.

లేజర్ ప్రింటర్ మాత్రం బ్యాటరీ సాకెట్లో పెట్టొద్దు. దాని లోపలి హీటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్ ఆ దెబ్బకు ఆగదు.

ఏది ఆగిపోయిందో గమనించండి

ఫైళ్లు సేవ్ చేసుకుని, యూపీఎస్ ప్లగ్ పెట్టిన గోడ స్విచ్‌ని ఆపండి. ప్లగ్ పీకొద్దు, పీకితే ఎర్తింగ్ కూడా తెగుతుంది. స్విచ్ ఆపాక ఏం జరిగిందో జాగ్రత్తగా చూడండి. కారణం ఏ వైపు ఉందో ఇక్కడే తెలిసిపోతుంది.

స్క్రీన్ మీద షట్‌డౌన్ అవుతున్నట్టు చూపించి మెల్లగా ఆగిందా? అయితే యూపీఎస్ తప్పు కాదు. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన యూపీఎస్‌ని విండోస్ ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే చూస్తుంది. పవర్ సెట్టింగ్స్‌లో గానీ, యూపీఎస్ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఏ శాతం దగ్గర ఆపాలో రాసి ఉంటుంది. అది సరిచేయండి.

యూపీఎస్ బీప్ కొడుతూనే ఉంది, మానిటర్ లైటు వెలుగుతూనే ఉంది, సీపీయూ ఒక్కటే ఆగిందా? అప్పుడు ఎస్ఎంపీఎస్ వైపు, అంటే సీపీయూ డబ్బాలో కరెంటుని మార్చి లోపలి భాగాలకు ఇచ్చే పవర్ సప్లై వైపు చూడాలి. మామూలు లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి సుమారు 4 నుంచి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ కాసేపు ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న ఛార్జీతోనే నెట్టుకు రావాలి. మంచి ఎస్ఎంపీఎస్ ఫుల్ లోడ్ మీద కూడా 16 మిల్లీసెకన్ల దాకా నిలబడుతుంది. కెపాసిటర్లు పాతబడితే నిలబడలేదు. ఇంకో కారణం, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా తీసుకునే ఏర్పాటు) ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్నింటికి చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్ల వేవ్ పడదు. ఆ ఎస్ఎంపీఎస్‌ని ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ (గోడ కరెంటులాంటి నున్నటి వేవ్ ఇచ్చేది) మీద పెట్టి చూస్తే తేలిపోతుంది. అక్కడా ఆగితే ఎస్ఎంపీఎస్ మార్చాలి. అక్కడ బాగా నడిస్తే అలాంటి యూపీఎస్సే తీసుకోవాలి.

ఇక మూడోది, ఎక్కువమందికి జరిగేది: యూపీఎస్ కూడా కంప్యూటర్‌తో పాటే చచ్చిపోవడం. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

లోడ్ ఎక్కువైందా?

600 వీఏ (వోల్ట్ ఆంపియర్) అంటే 600 వాట్లు కాదు. ఆ సైజు యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, వెనక స్టిక్కర్ మీద రెండూ రాసి ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ మామూలుగా ఉన్నప్పుడు 80 వాట్లు తీసుకుంటూ, గేమ్ మొదలవగానే 350 దాటిపోవచ్చు. బీప్ ఆగకుండా ఒకటే మోత మోగితే సాధారణంగా ఓవర్‌లోడ్ అని అర్థం. స్పీకర్లు, రెండో మానిటర్ తీసేసి మళ్లీ పరీక్షించండి.

బ్యాటరీ నిజంగా పోయిందా?

చాలా చిన్న యూపీఎస్‌ల్లో ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే నిల్వ సామర్థ్యం) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మూడేళ్లు దాటితే దాన్ని అనుమానించడం న్యాయమే. వేడి గదిలో ఇంకా ముందే పోతుంది. పక్కలు ఉబ్బి ఉంటే పరీక్షలేమీ అక్కర్లేదు, మార్చేయండి. ఉబ్బి లోపల ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించొద్దు, మెకానిక్‌కి ఇవ్వండి.

ఉబ్బకపోతే చాలామంది మల్టీమీటర్ పెట్టి "12.8 చూపిస్తోంది, బ్యాటరీ బాగుంది" అంటారు. మీటర్ బ్యాటరీ నుంచి కరెంటు దాదాపు ఏమీ తీసుకోదు. చచ్చిన బ్యాటరీ కూడా మీటర్ ముందు 12.8 చూపించగలదు. బరువు పెడితేనే బండారం బయటపడుతుంది.

యూపీఎస్ ఆపి, ప్లగ్ పీకేసి, బ్యాటరీ బయటకు తీయండి. యూపీఎస్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ తీగలు ముట్టుకోవద్దు. కొన్ని మోడళ్లలో వాటికి మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉంటుంది, షాక్ కొడుతుంది. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు వాహనాల హెడ్‌లైట్‌కి వాడే 12 వోల్టుల, 55 వాట్ల బల్బు బ్యాటరీకి కలిపి, వెలుగుతుండగా వోల్టేజీ చూడండి. బల్బు బాగా వేడెక్కుతుంది, కాగితాల దగ్గర పెట్టొద్దు. ఫుల్ ఛార్జి ఉన్న మంచి బ్యాటరీ పది నిమిషాల తర్వాత కూడా 12 చుట్టుపక్కలే ఉంటుంది. పోయిన బ్యాటరీ చూస్తుండగానే 11 కిందకి, 10 కిందకి జారిపోతుంది. జారితే మార్చండి. రెండు బ్యాటరీలున్న యూపీఎస్ అయితే రెండూ ఒకేసారి మార్చాలి.

కొత్త బ్యాటరీ వేసినా అదే రోగమా?

నన్ను బాగా ముంచిన కారణం ఇదే, అందుకే వివరంగా చెబుతున్నాను.

ఒక యూపీఎస్‌కి నేనే కొత్త బ్యాటరీ వేశాను. రాత్రంతా ఛార్జ్ చేశాను. మీటర్ 13 చూపించింది. యూపీఎస్ తనను తాను పరీక్షించుకునే సెల్ఫ్ టెస్ట్ పాస్ అయింది. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ ఆపితే చక్కగా నడిచింది. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది, వీడియో ఎడిటింగ్ మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ ఆగి, రెండు గంటల పని పోయిందని. బ్యాటరీ లోపభూయిష్టమైనదేమో అని ఇంకొకటి వేశాను. మళ్లీ అదే. యూపీఎస్ లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని తేల్చి కొత్త యూపీఎస్ కొనమని చెప్పబోతూ, చివరిసారి మూత తీశాను. ఎర్ర తీగ చివరి క్లిప్పు మీద ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగుకి తిరిగి ఉంది. వేలితో ముట్టుకుంటే క్లిప్పు అటూ ఇటూ ఊగింది.

జరిగింది ఇది. ఒకే 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ రెండు రకాల టెర్మినల్స్‌తో దొరుకుతుంది. ఎఫ్1 వెడల్పు 4.75 మిల్లీమీటర్లు, ఎఫ్2 వెడల్పు 6.35. యూపీఎస్ తీగల క్లిప్పులు ఎఫ్2కి చేసినవి, నేను వేసినవి రెండూ ఎఫ్1 బ్యాటరీలు. వెడల్పు క్లిప్పు సన్నటి రేకు మీద సులువుగానే దూరుతుంది, ఊడిపోదు కూడా. కానీ గట్టిగా పట్టుకోదు.

200 వాట్ల లోడ్ నడవాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 20 ఆంపియర్లు రావాలి. వదులు క్లిప్పు దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా చాలు, అక్కడే 2 వోల్టులు తినేస్తుంది. బ్యాటరీ 12 ఇస్తుంటే బోర్డుకి చేరేది 10. బ్యాటరీ ఖాళీ అయిందనుకుని బోర్డు తన పని తాను చేస్తుంది, అంటే ఆపేస్తుంది. పైగా ఆ కొసలో 40 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడి అంత ఉంటుంది. తొడుగు రంగు మారింది అందుకే. యూపీఎస్ ఆగగానే లోడ్ ఉండదు, మీటర్ మళ్లీ 13 చూపిస్తుంది. తక్కువ లోడ్ మీద సెల్ఫ్ టెస్ట్ పాస్ అయిపోతుంది. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

గుర్తుపట్టడం ఇలా: హెడ్‌లైట్ బల్బు పరీక్షలో బ్యాటరీ నిలబడింది, తక్కువ లోడ్ మీద యూపీఎస్ నడుస్తోంది, లోడ్ పెరగగానే ఆగుతోంది. ఈ మూడూ కలిస్తే క్లిప్పుల్నే చూడండి. సరైన క్లిప్పు తీయడానికి కాస్త బలం పట్టాలి. రెండు వేళ్లతో సులువుగా వచ్చేస్తే వదులే. తొడుగు వెనక్కి జరిపి, తీగని క్లిప్పులో నొక్కిన చోటు కూడా చూడండి. అక్కడ తీగ నల్లబడి ఉన్నా, కదులుతున్నా రోగం అదే.

పరిష్కారం: కొనేటప్పుడే పాత బ్యాటరీ పక్కన పెట్టి టెర్మినల్ వెడల్పు సరిచూసుకోండి. ఎఫ్1 కొనేసి ఉంటే ఎఫ్1 నుంచి ఎఫ్2కి మార్చే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి. సైజు సరైనదే అయి వదులైతే, తీగ బ్యాటరీ నుంచి తీసేసి, క్లిప్పు ముడుచుకున్న అంచులను ప్లయర్‌తో కొద్దిగా నొక్కండి. కాలిన క్లిప్పుని నొక్కి వాడొద్దు, దానిలో స్ప్రింగ్ గుణం పోయి ఉంటుంది. కోసేసి కొత్తది క్రింప్ (నొక్కి బిగింపు) చేయించండి. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే గీకి శుభ్రం చేయండి. రెండు బ్యాటరీల యూపీఎస్‌లో ఆ రెండిటినీ కలిపే చిన్న తీగని చాలామంది మర్చిపోతారు, దాన్నీ చూడండి.

మిగతావి

అసలు ఆన్ కాకపోతే వెనక ఉన్న రీసెట్ బటన్ నొక్కండి, లేదా ఫ్యూజు చూడండి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే కొన్ని యూపీఎస్‌లు కరెంటు ఉన్నా ఆన్ కావు. ఊరికే టక్ టక్ మంటుంటే వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల లోపలి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మారుతోందని అర్థం, కంగారు పడక్కర్లేదు. జనరేటర్ మీద మాత్రమే ఇలా అయి మాటిమాటికీ బ్యాటరీకి మారుతుంటే సెన్సిటివిటీ సెట్టింగ్ తగ్గించండి. బోర్డు పోవడం, రిలే అతుక్కుపోవడం ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

క్లిప్పు సరిచేశాక సిస్టమ్ మీద పని బాగా పెట్టి, అంటే గేమ్ గానీ రెండరింగ్ గానీ నడుస్తుండగా, గోడ స్విచ్ ఆపి ఐదు నిమిషాలు చూడండి. తర్వాత యూపీఎస్ ఆపి, ప్లగ్ తీసి, మూత విప్పి క్లిప్పుల తొడుగులు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ క్లిప్పు ఇంకా సరిగ్గా పట్టలేదు.